లైట్‌రూమ్ క్లాసిక్ కొత్త వెర్షన్: పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఇప్పుడే మారాలా?

లైట్‌రూమ్ క్లాసిక్ అంటే వేల ఫొటోలను సర్దుకుని ఎడిట్ చేసుకునే అడోబీ సాఫ్ట్‌వేర్. ముందు తీర్పు చెప్పేస్తాం, కారణాలు తర్వాత. హైదరాబాద్‌లో రాత్రి ముహూర్తాలు ఎక్కువగా తీస్తూ, కంప్యూటర్లో 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు మారొచ్చు, పెట్టిన డబ్బు దండగ కాదు. కార్డు లేనివాళ్లు ముందు కార్డు కొనాలి, సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తర్వాతే. పగటి వెలుగులో జేపెగ్‌లు తీసి ఆల్బమ్ వేసిచ్చేవాళ్లకు ఉన్న వెర్షన్ చాలు.

అడోబీ ఏటా అక్టోబర్ ప్రాంతంలో కొత్త నంబరు తెస్తుంది. పెళ్లి ఎడిటింగ్‌ను నిజంగా మార్చినవి మాత్రం వాటిలో రెండే. ఒకటి మాస్కింగ్, అంటే ఫొటోలో ఒక భాగాన్నే ఎంచుకుని దిద్దడం: 2021 అక్టోబర్‌లో 11వ వెర్షన్‌తో సబ్జెక్టునీ ఆకాశాన్నీ తనే పట్టుకోవడం నేర్చుకుంది, మరుసటి ఏడాది 12తో మనుషుల ముఖం, జుట్టు, కళ్లు విడివిడిగా ఎంచుకోవడం వచ్చింది. రెండోది 2023 ఏప్రిల్‌లో 12.3తో వచ్చిన ఏఐ డీనాయిస్, అంటే చీకట్లో తీసిన ఫొటోల్లోని గరుకుదనాన్ని (నాయిస్) తీసేసేది. మీ దగ్గర 11 కంటే పాతది ఉంటే తేడా చాలా పెద్దది. 13 వాడుతుంటే తొందర లేదు. ఒక్క సౌకర్యం మాత్రం చెప్పుకోవాలి. మొదట్లో డీనాయిస్ చేసిన ప్రతి ఫొటోకీ వేరే డీఎన్‌జీ ఫైలు పుట్టేది, అది కెమెరా ఇచ్చిన అసలు రా ఫైలు (ప్రాసెస్ చేయని ముడి ఫొటో) కంటే చాలా పెద్దగా ఉండేది. 2025 జూన్‌లో వచ్చిన 14.4 నుంచి ఆ అదనపు ఫైలు అక్కర్లేదు. హార్డ్ డిస్కులు నిండిపోయి సతమతమయ్యే స్టూడియోలకు ఇదొక్కటే సరిపడా కారణం.

ఫంక్షన్ హాల్లో ముహూర్తం తెల్లవారుజామున పడిందనుకోండి. మండపం వెనక ఎల్‌ఈడీ గోడ, పైన ఊదారంగు లైట్లు, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 దాకా పోక తప్పదు. అలాంటి ఫైళ్లలో డీనాయిస్ చేసే మేలు కళ్లకు కనిపిస్తుంది. కానీ డీఫాల్ట్‌గా వచ్చే 50 దగ్గర వదిలేయొద్దు. ముఖాలు దగ్గరగా ఉన్న ఫొటోలకు 30 నుంచి 40 చాలు. ఇంకా పెంచితే చర్మం మైనపు బొమ్మలా తయారవుతుంది, కంచిపట్టు జరీ పోగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తలంబ్రాల ఫొటోల్లో గాల్లో ఉన్న బియ్యపు గింజలను నూరు శాతం జూమ్‌లో చూసుకున్నాకే అంకె ఖాయం చేయండి. ఎల్‌ఈడీ గోడ వల్ల పడిన అడ్డచారలను, ఊదా లైటులో పగిలిపోయిన ఎరుపును ఇది బాగుచేయదు. ఆ తప్పు షట్టర్ స్పీడులో, ఎక్స్‌పోజర్‌లో ఉంది, అక్కడే దిద్దుకోవాలి. ఇంకో మాట: ఇది రా ఫైళ్లకే, జేపెగ్‌ల మీద పనిచేయదు.

మాస్కులు చాలా సమయం మిగులుస్తాయి, కానీ మన పెళ్లికూతురి అలంకారం దగ్గర తడబడతాయి. ముఖ చర్మం ఎంచుకోమంటే బాసికం అంచుల్ని కొంత కలిపేసుకుంటుంది. జుట్టు ఎంచుకోమంటే పూలజడలో మల్లెలు సగం లోపల, సగం బయట ఉంటాయి. ఎక్కువైన భాగాన్ని చెరిపే సబ్‌ట్రాక్ట్ బ్రష్‌తో సరిచేయడానికి ఎక్కువసేపు పట్టదు గానీ, చూడకుండా సింక్ (ఒక ఫొటో ఎడిట్‌ను మిగతావాటికీ వేయడం) కొడితే అదే తప్పు వందల ఫొటోల్లోకి పాకుతుంది. సింక్ చేసినప్పుడు ప్రతి ఫొటోకీ మాస్క్ కొత్తగా లెక్కకడుతుంది కాబట్టి మూడు వేల ఫొటోలకూ పెట్టకండి. కస్టమర్ ఆల్బమ్‌కు ఎంచుకున్న రెండు మూడు వందలకే పెట్టండి. పసుపు ఫంక్షన్ ఫొటోల్లో ముఖం మరీ పచ్చగా కనిపిస్తే మొత్తం పసుపు రంగు తగ్గించకుండా, ఒక్క రంగునే పట్టుకుని మార్చే, 13వ వెర్షన్‌లో వచ్చిన పాయింట్ కలర్‌ను మాస్క్ లోపల వాడండి. చీర రంగు చెడదు.

పని వరస కూడా ముఖ్యం. ముందు డీనాయిస్, తర్వాత రిమూవ్ (అక్కర్లేనివి చెరపడం), ఆ తర్వాత లెన్స్ బ్లర్ (వెనక భాగాన్ని మసకబార్చడం), చివర్న మాస్కులు. మాస్కులు వేశాక డీనాయిస్ చేస్తే వాటిని మళ్లీ అప్‌డేట్ చేయమంటుంది. వందల ఫొటోల మీద ఆ సమయం రెట్టింపు అవుతుంది.

వస్తువును చెరిపి ఆ ఖాళీని ఏఐతో నింపే జెనరేటివ్ రిమూవ్ 2024 మేలో వచ్చింది. మండపం మీద వేలాడే కరెంటు తీగలు, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తీసేయడానికి బాగుంటుంది. ముఖానికి ఆనుకుని ఉన్న వాటి మీద వాడకండి, అక్కడ లేనివి పుట్టిస్తుంది. ఈ పనికి ఇంటర్నెట్ కావాలి, ఫొటో భాగం అడోబీ సర్వర్‌కు వెళ్తుంది. ఫొటోలు బయటికి పోకూడదని షరతు పెట్టిన కస్టమర్ల పనిలో దీన్ని పక్కన పెట్టండి.

ఇక కంప్యూటర్. డీనాయిస్ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. ఒక లెక్క చూడండి: ఫొటోకు 20 సెకన్లు పడితే 300 ఫొటోలు గంటా నలభై నిమిషాల్లో అయిపోతాయి. అదే కార్డు లేక ప్రాసెసర్ మీదే నడిచి ఒక్కోదానికి 5 నిమిషాలు పడితే 25 గంటలు. కొత్త వెర్షన్ వేసుకుని 'స్లో అయిపోయింది' అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గానీ, 4060 8 జీబీ గానీ అడగండి. రెండింటికీ ఎన్‌విడియా 550 వాట్ల పవర్ సప్లై సూచిస్తుంది. పాత డబ్బాలో ఉన్న నాసిరకం ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై)తోనే సరిపెడితే బ్యాచ్ నడుస్తుండగా కంప్యూటర్ ఆగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి రెండూ కలిపి బిల్లు వేయించుకోండి. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ గేమ్ రెడీ కాకుండా స్టూడియో రకం వేయండి. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి కెమెరా రా క్యాష్ (తాత్కాలిక నిల్వ)ను 5 జీబీ నుంచి 20కి పెంచి, ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి.

అప్‌గ్రేడ్‌లో అసలు ప్రమాదం కేటలాగ్ (ఫొటోల జాబితా, వాటి ఎడిట్‌లు ఉండే ఫైలు) దగ్గరుంది. పెద్ద నంబరు మారినప్పుడు లైట్‌రూమ్ కేటలాగ్‌ను కొత్త రూపంలోకి మార్చి ఇంకో ప్రతి తయారుచేస్తుంది. పాత ప్రతి అలాగే ఉంటుంది, కానీ ఆ రోజు నుంచి చేసిన ఎడిట్‌లు అందులో ఉండవు. కొత్తదాన్ని పాత వెర్షన్ తెరవలేదు. దిల్‌సుఖ్‌నగర్ స్టూడియో 14కు మారి, అమీర్‌పేటలో కూర్చున్న ఎడిటర్ 13లోనే ఉంటే అతనికి పంపిన కేటలాగ్ తెరుచుకోదు. అందరూ ఒకే రోజు మారాలి. కుదరదంటే కేటలాగ్ బదులు రా ఫైళ్లను ఎక్స్‌ఎంపీ (ఎడిట్‌లు రాసి ఉండే చిన్న ఫైలు)తో కలిపి పంపుకోవాలి, అప్పుడు కూడా కొత్త రకం మాస్కులు పాత వెర్షన్‌లో రావు.

మారే ముందు లైట్‌రూమ్ మూసేసి కేటలాగ్ ఫోల్డర్‌ను వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఎల్‌ఆర్‌క్యాట్ ఫైలుతో పాటు అదే పేరుతో 'డేటా' అని ముగిసే ఫైలు కూడా ఉండాలి, ఏఐ మాస్కులు ఉండేది అందులోనే. ప్రివ్యూల ఫోల్డర్ లేకపోయినా ఫర్వాలేదు, మళ్లీ తయారవుతుంది. అడోబీ క్రియేటివ్ క్లౌడ్ యాప్‌లో అప్‌డేట్ నొక్కేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, పాత వెర్షన్లు తీసేయమనే టిక్కును తప్పనిసరిగా తొలగించండి. అడోబీ చివరి రెండు పెద్ద వెర్షన్లనే మళ్లీ దించుకోనిస్తుంది, అంతకు ముందువి పోతే పోయినట్టే.

ఫొటోషాప్ విషయంలో తెలుగువాళ్లకు వేరే లెక్క ఉంది. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపుల ఎంపిక మార్చకపోతే ఆల్బమ్ మీద వధూవరుల పేర్లలో ఒత్తులు విడిపోయేవి. అందుకే చాలామంది యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే టైపు చేస్తూ వచ్చారు. కొత్త వెర్షన్లలో యూనికోడ్ తెలుగు ఏ సెట్టింగూ లేకుండా సరిగ్గా కూర్చుంటుంది. అయితే పాత పీఎస్‌డీ టెంప్లేట్లు తెరిచినప్పుడు టెక్స్ట్ లేయర్లు అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది, ఒప్పుకుంటే అక్షరాలు జరగొచ్చు. ముందే ప్రతి తీసుకుని, మార్చనక్కర్లేని శీర్షికలను షేప్‌గా మార్చేయండి. పాతకాలపు టైప్ 1 రకం ఫాంట్లకు 2023 జనవరి నుంచి అడోబీ సాఫ్ట్‌వేర్‌లో మద్దతు లేదు.

కొత్త కెమెరా కొన్నందుకే మారాలనుకుంటే ఒక ఉచిత దారి ఉంది. 2017 డిసెంబర్‌లో వచ్చిన 6.14తో ఆగిపోయిన లైట్‌రూమ్ 6 ఆ తర్వాతి కెమెరాల రా ఫైళ్లను తెరవదు, కానీ అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్‌తో మార్చి ఇస్తే తీసుకుంటుంది. నికాన్ ఎన్‌ఎక్స్ స్టూడియో, కెనన్ డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ కూడా ఉచితమే, పని మాత్రం నెమ్మది. నెలనెలా కట్టడం ఇష్టం లేనివాళ్లు పాత లైట్‌రూమ్‌కు తోడుగా డీఎక్స్‌ఓ ప్యూర్‌రా ఒకసారి కొనుక్కోవచ్చు, నాయిస్ తీయడంలో అది అడోబీకి తీసిపోదు. క్రాక్ వెర్షన్ల జోలికి పోవద్దు. జెనరేటివ్ పనులేవీ వాటిలో నడవవు, పైగా కస్టమర్ల ఫొటోలున్న కంప్యూటర్లోకి మాల్‌వేర్‌ను మీ చేత్తోనే పిలిచినట్టవుతుంది.

డబ్బు దగ్గర రెండు జాగ్రత్తలు. 20 జీబీ ఫొటోగ్రఫీ ప్లాన్‌ను 2025 జనవరి 15 నుంచి కొత్తవాళ్లకు అమ్మడం ఆపేశారు. మీకు ఉంటే గడువు తప్పనివ్వకండి. ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టే పద్ధతిలో 14 రోజులు దాటాక రద్దు చేస్తే, మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టాల్సి వస్తుంది. చందా ఆగిపోయినా కేటలాగ్ తెరుచుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు, డెవలప్ మాడ్యూల్ మాత్రం మూసుకుంటుంది.

మారడానికి సరైన సమయం ఆషాఢం, లేదా ముహూర్తాలు లేని మూఢం. మాఘంలోనో వైశాఖంలోనో, డెలివరీలు తలమీద ఉన్నప్పుడు అప్‌డేట్ బటన్ ముట్టుకోవద్దు. డెలివరీ అయిపోయిన ఒక పెళ్లిని వేరే కేటలాగ్‌లో పెట్టి కొత్త వెర్షన్‌లో మొదటి నుంచి ఎడిట్ చేయండి. అందులోంచి ఒక 12×36 షీట్‌ను 300 డీపీఐలో, అంటే 10,800×3,600 పిక్సెళ్లకు, ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేసి మీరు వాడే ల్యాబ్‌లోనే ప్రింట్ వేయించండి. పాత ఆల్బమ్ షీట్ పక్కన పెట్టి చర్మం రంగు, జరీ, నీడల్లో గరుకుదనం చూశాక, శ్రావణం పనులు కొత్త వెర్షన్‌లో మొదలుపెట్టాలో లేదో నిర్ణయించుకోండి.