ఔటర్ సోలార్ సైకిల్ ట్రాక్: లోపల నిశ్చింత, చేరుకోవడమే ప్రమాదం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని నిర్మించిన సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు దాకా మరో భాగం, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. నార్సింగి, కోకాపేట ప్రాంతాల్లో కొత్తగా లేచిన బహుళ అంతస్తుల భవనాల్లో కాపురముంటున్న కుటుంబాలకు ఇది ఎంతవరకు ఉపయోగపడుతోందన్న దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ట్రాక్ వరకు చూస్తే నిర్మాణం మెచ్చుకోదగినది. 4.5 మీటర్ల వెడల్పు ఉండటం వల్ల ఎదురెదురుగా సైకిళ్లు వచ్చినా ఇబ్బంది ఉండదు. పైకప్పుగా పరిచిన సౌర ఫలకాలు విద్యుత్తునూ ఇస్తాయి, నీడనూ ఇస్తాయి. మోటారు వాహనాలతో పొత్తు లేని దారి కావడంతో, అప్పుడే సైకిల్ నేర్చుకున్న పిల్లలను సైతం ధైర్యంగా తొక్కనివ్వవచ్చు.

అయితే ఆ ధైర్యం ట్రాక్ ప్రవేశ ద్వారం దగ్గరే ఆగిపోతుంది. అపార్టుమెంటు గేటు నుంచి అక్కడికి చేరుకోవాలంటే వేగంగా వచ్చే కార్లు, రాంగ్ రూట్‌లో దూసుకొచ్చే ద్విచక్ర వాహనాల మధ్య సర్వీసు రోడ్డు దాటక తప్పదు. నిర్మాణం సాగుతున్న స్థలాల ముందు రేకుల ప్రహరీ ఫుట్‌పాత్‌ను మింగేయగా, నడిచేవారు రోడ్డు మీదికి దిగవలసి వస్తోంది. రెడీమిక్స్ లారీల నుంచి ఒలికిన కాంక్రీటు మలుపుల దగ్గర గట్టిపడి మిట్టలుగా మారింది. సైకిల్ ముందు చక్రం వాటి మీదికి ఎక్కితే హ్యాండిల్ ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది, వెనుక టిప్పర్ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్‌కు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల నిర్మాణ ప్రమాణాలను రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ మాత్రం ఫుట్‌పాత్ కొంతదూరం ఉండి, ఒక ర్యాంపు దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో తెగిపోతుంది.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ప్రతి ప్రవేశ ద్వారం ఎదుట రోడ్డు మట్టానికి కాస్త ఎత్తుగా, వాహనాలు తప్పనిసరిగా వేగం తగ్గించేలా క్రాసింగ్ కట్టాలి; గేటు ముందు ఫుట్‌పాత్ పూర్తయ్యాకే భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) ఇవ్వాలి. ట్రాక్‌కు ఐదు మార్కులకు నాలుగు, దాన్ని చేరుకునే దారికి ఒకటి ఇస్తాను. పిల్లలతో వెళ్లేవారు రద్దీ పెరగకముందే, తెల్లవారుజామున బయలుదేరి, సర్వీసు రోడ్డు దాటేదాకా సైకిళ్లను చేత్తో నడిపించుకుంటూ వెళ్లడం మంచిది.