పాడైన హార్డ్‌డిస్క్‌కి టెస్ట్‌డిస్క్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ వాడి చూసినాను, నా ఓటు దీనికే

అనంతపురంలో మా స్టూడియో హార్డ్‌డిస్క్ ఫోల్డర్ నొక్కితే కరప్టెడ్ అంటా ఉంది, లోపలంతా జనాల పెళ్లి ఫోటోలు. అందరూ విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కమాండ్ కొట్టమంటారు, వెంటనే వద్దు సామీ, దానికి స్లాష్ ఎఫ్ (/f) పెడితే అది డిస్క్ మీదే మార్పులు రాసేస్తుంది, ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) సరిచేసేదానికే గానీ మన ఫైళ్లు కాపాడేదానికి కాదది.

ముందు డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో డిస్క్ మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ తీయండి, ఎంతవరకు కాపీ అయిందో రాసిపెట్టుకునే మ్యాప్ ఫైల్ ఇచ్చింటే మధ్యలో ఆపినా మళ్లీ ఆడి నుంచే మొదలుపెట్టొచ్చు. తర్వాత ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్. పైసా ఖర్చు లేదు, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లో ఎమ్మెఫ్టీ (ఫైళ్ల పట్టిక) చెడితే దాని మిర్రర్ (నకలు) నుంచి, బూట్ సెక్టార్ (పార్టిషన్ వివరాలుండే మొదటి భాగం) పోతే దాని బ్యాకప్ నుంచి బాగుచేస్తాది, మాకైతే ఫోల్డర్లు పేర్లతో సహా వచ్చినాయి! నల్ల స్క్రీన్ చూసి భయపడొద్దు, నిదానంగా చదువుకుంటా పోతే చాలు.

టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫోటోరెక్ అనే టూల్ మాత్రం ఆఖర్న, ఫోటోలు తెస్తాది గానీ పాత పేర్లు రావు, ఏ పెళ్లి ఎవరిదో తేదీలు పట్టుకుని ఏరుకోవాల్సిందే.