డెల్టాలో సైకిల్ టూరుకి ఫ్రీవీలా, క్యాసెట్టా?

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కాలువ గట్ల మీద తిరగాలనుకుంటే పదకొండు, పన్నెండు గేర్ల ఆలోచన ముందే మానుకోండి. ఆ చైను సన్నం. 0.5 శాతం సాగగానే మార్చాలి. ఎనిమిది గేర్లదైతే 0.75 దాకా ఆగొచ్చు. అయినా చదునైన కోనసీమలో అన్ని గేర్లతో పనేముంది? ఎదురుగాలికీ, వంతెన ఎక్కడానికీ ఏడో ఎనిమిదో చాలు. 6, 7, 8 గేర్లకి ఒకటే రకం చైను కూడా. పల్లె షాపులో ఉండే మామూలు సైకిల్ చైను వెడల్పు ఎక్కువ, దీనికి పనికిరాదు. కాబట్టి రెండు క్విక్ లింకులు (తెగిన చైనుని మళ్లీ కలిపే లింకులు), చిన్న చైన్ కట్టరు దగ్గర ఉంచుకోండి.

ఇక తేలాల్సింది ఏడు గేర్ల ఫ్రీవీలా, ఎనిమిది గేర్ల క్యాసెట్టా అన్నదే. రెండూ వెనక చక్రానికుండే గేర్ల పళ్లచక్రాల కట్టలే. క్యాసెట్ హబ్బు (చక్రం మధ్య భాగం) మీదకి జారి, లాక్‌రింగ్ అనే మర రింగుతో నిలుస్తుంది. ఫ్రీవీల్ హబ్బు మరల మీద బిగుస్తుంది. ఆ మరలకి మన పాత సైకిళ్ల ఒంటి ఫ్రీవీల్ కూడా ఎక్కుతుంది. అంటే దారిలో గేర్ల ఫ్రీవీల్ పాడైతే రాజోలు లాంటి ఊళ్లో మామూలు ఫ్రీవీల్, మామూలు చైను వేయించుకుని ఇల్లు చేరొచ్చు. వెనక చక్రాన్ని జరిపి చైను బిగించే వీలున్న ఫ్రేమ్ అయితేనే సుమా! తొక్కేకొద్దీ ఫ్రీవీల్ బిగుసుకుపోతుంది, చేత్తో రాదు. దాని టూలు మీ దగ్గరుంటే ఏ వెల్డింగ్ షాపులోనైనా బెంచి వైస్‌కి బిగించి, చక్రాన్ని స్టీరింగులా తిప్పితే ఊడుతుంది.

దీని బలహీనత ఇరుసు. కుడి బేరింగు బాగా లోపలికి ఉండిపోవడంతో ఇరుసు కొసకి ఆసరా ఉండదు. క్యారియర్ మీద బరువుతో గుంతలో పడితే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. షిమానో కంపెనీ తరహా క్యాసెట్ హబ్బులో బేరింగు ఫ్రేమ్ పక్కకే వస్తుంది, ఆ టెన్షన్ తక్కువ. విప్పడానికి లాక్‌రింగ్ టూలు, పళ్లు తిరగకుండా పట్టుకోవడానికి పాత చైను ముక్క చాలు. హబ్బు లోపలి భాగం పోతే మాత్రం పల్లెలో దిక్కులేదు, కానీ అది అరుదు.

డేరా, వంట సామాను వేసుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్లకి క్యాసెట్టే. రెండు జతల బట్టలతో లాడ్జీల్లో పడుకుంటూ సఖినేటిపల్లి పంటు మీద నరసాపురం దాటేవాళ్లు, ఉన్న ఫ్రీవీల్‌ తీయించి డబ్బు తగలేయక్కర్లేదు.

ఏది వేసినా గేర్ లివరు క్లిక్కులు లేని ఫ్రిక్షన్ రకం తీసుకోండి, ఏడుకీ ఎనిమిదికీ పనిచేస్తుంది. డిరైలర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపేది) ఫ్రేముకి తగిలించే హ్యాంగర్ ముక్క ఫ్రేముని బట్టి మారుతుంది. మీ మోడల్‌ది ఒకటి బయల్దేరే ముందే కొని సంచిలో వేసుకోండి.