బొమ్మల పుస్తకం చదివాక ఏది మేలు: వేషాలా, చీటీలా, చిట్టి పుస్తకమా?

2022లో తెలంగాణ సర్కారు బడుల్లో చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి దేవరకొండ, అచ్చంపేట వైపు టీచర్లు పదే పదే అడిగేది ఇదే: బొమ్మల పుస్తకం చదివి వినిపించాక పిల్లలతో ఏం చేయించాలి? నా మట్టుకు నేను ఒక్కటే చూస్తాను. ఆ పని చేస్తూ పిల్లలు పుస్తకాన్ని మళ్లీ తెరుస్తున్నారా? తెరవకపోతే గోడకు ఎన్ని బొమ్మలు అంటించినా చదవడం ముందుకు సాగదు.

వేషాలంటే అందరికీ ఇష్టమే. కానీ కథలో పాత్రలు మూడో నాలుగో, తరగతిలో పాతికమంది. మిగతావాళ్లు ఊరికే కూర్చుంటారు. మాస్కులు కత్తిరించేసరికే పీరియడ్ అయిపోతుంది, పైగా మొహమంతా కప్పితే గొంతు బయటికి రాదు. దానికి బదులు 5 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవు అట్ట పట్టీని తలకు చుట్టి, ముందువైపు బొమ్మ అంటించండి. పిన్ను కొడితే మొనలు బయటివైపు ఉండాలి. డైలాగులు రాసిస్తే బట్టీ పడతారు. మీరు పేజీ చదువుతుంటే గుంపంతా గాలో, వానో, మేకల మందో అయిపోతే చాలు. బెరుకు పోగొట్టడానికి ఇది మంచిదే గానీ, ఆట మొదలయ్యాక పుస్తకం వైపు ఎవరూ చూడరు.

చీటీల పని వేరు, కలిపేసిన బొమ్మల్ని కథ వరుసలో పెట్టాలి. కథలోంచి 8 బొమ్మలు జిరాక్స్ తీయించి పాత శుభలేఖల అట్ట మీద అంటించండి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఉన్న పుస్తకాన్ని చించే అవసరం లేదు. పేజీ నంబర్లు, అక్షరాలు కత్తిరించేయాలి, లేదంటే అంకెలు చూసి వరుస పెట్టేస్తారు. నలుపు తెలుపు జిరాక్స్‌లో పొద్దుకూ మాపుకూ తేడా తెలియదు, అలాంటి పేజీలు వదిలేయండి. ఏది ముందో బొమ్మలోనే ఆధారం ఉండాలి.

నలుగురికి ఒక కట్ట, తలా రెండు చీటీలు. అన్నీ నేల మీద పరిచేస్తే చురుకైన పిల్ల ఒక్కతే సర్దేస్తుంది. అందుకే ఎవరి చీటీలు వాళ్లు దాచుకుని, అందులో ఏముందో నోటితో చెప్పాలి. "నా దాంట్ల మేక గుట్ట ఎక్కుతున్నది." "నా దాంట్ల దిగుతున్నది, నాది తర్వాత." వరుస కుదిరాకే నేల మీద పెట్టాలి. తగువు తప్పకుండా వస్తుంది. తీర్పు మీరు చెప్పకండి, పుస్తకం చేతికివ్వండి. అప్పుడు ఒక్కో పేజీ ఎంత శ్రద్ధగా చూస్తారో! తండా పిల్లల్ని ముందు లంబాడీలోనే వాదించుకోనివ్వండి. వరుస తేలాక తెలుగులో చెప్పించండి. మొదటే తెలుగులో చెప్పమంటే కథ తెలిసిన పిల్లలు కూడా నోరు విప్పరు.

చిట్టి పుస్తకానికి ఒక్క ఏ4 కాగితం చాలు. మూడుసార్లు మడిచి విప్పితే 8 గళ్లు వస్తాయి. అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత దాకా కత్తిరించాలి. తెరిచి ఉన్న వైపు నుంచి కత్తిరిస్తే పుస్తకం నిలవదు. ఇప్పుడు కాగితాన్ని పూర్తిగా విప్పి, నిలువుగా మడిచి రెండు కొసలూ లోపలికి నెడితే అట్ట, వెనకట్ట, లోపల 6 పేజీలు తయారవుతాయి. 1, 2 తరగతులకు కత్తిరింపు మీరే చేసివ్వాలి. ఊరికే గీయమంటే ఉన్న బొమ్మల్నే దించేస్తారు. కథ జరిగే చోటు మార్చమనండి: నల్లగొండ పిల్లలైతే బత్తాయి తోటకు, మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పిల్లలైతే సీతాఫలాల గుట్టకు. అలా మార్చాలంటే అసలు కథలో ఏ పేజీలో ఏముందో మళ్లీ చూసుకోక తప్పదు.

గీసిచ్చిన బొమ్మకు రంగులు వేయించడం పది నిమిషాలు మిగిలినప్పటి పని.

ఒకే టీచరున్న బడిలో 1, 2 తరగతులకు చీటీలు, 3 నుంచి 5 వరకు చిట్టి పుస్తకం ఒకే కథ మీద నడపొచ్చు. పుస్తకం ఒక్కటే ఉంటే ముందు చీటీల గుంపుకే ఇవ్వండి.