గ్వాడెలూప్‌లో మారెమ్మ గుడి, ఇంకా కొన్ని మజిలీలు

కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచ్ దీవి గ్వాడెలూప్ పేరు చెప్పగానే ట్రావెల్ సైట్లన్నీ సేంత్-ఆన్ బీచ్ ఫొటోలు పెడతాయి. బీచ్ నిజంగానే బాగుంటుంది. కానీ ప్యారిస్ నుంచి ఎనిమిది గంటలకు పైగా విమానంలో కూర్చుని మేం వెళ్లింది వేరే పని మీద. మన దక్షిణాది నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల మునిమనవలు అక్కడున్నారు, వాళ్ల గుళ్లు ఇంకా నడుస్తున్నాయి. వాళ్లను చూడాలని మా అత్తయ్యకు ఎన్నాళ్లుగానో ఉంది. ఆవిడది కాకినాడ దగ్గర పల్లె, చిన్నప్పుడు యానాం సంతకు వెళ్లేవారట. యానాం కూడా ఒకప్పుడు ఫ్రెంచ్ వాళ్లదే కదా.

ముందు వీసా సంగతి. గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగమే అయినా షెంగెన్ అనే యూరప్ ఉమ్మడి వీసా ప్రాంతంలో లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద మామూలు షెంగెన్ టూరిస్ట్ వీసాతో ప్యారిస్ వచ్చినవాళ్లు ఆ వీసాతో అక్కడికి వెళ్లలేరు. అప్లికేషన్ పెట్టేటప్పుడే ఈ దీవి పేరు చెప్పి, దానికి చెల్లే వీసా అడగాలి. తల్లిదండ్రులను తీసుకెళ్లేవాళ్లు టికెట్లు కొనకముందే ఇది చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

జనాభా సుమారు 3.8 లక్షలు. ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. వాళ్ల మధ్య భారతీయులు, బట్టల కొట్లు నడిపే సిరియా, లెబనాన్ కుటుంబాలు, కొండల్లో ఉండిపోయిన పేద తెల్లవాళ్లు, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి వచ్చిన జాలర్ల వంశాలు, ఈమధ్య బతుకుదెరువు కోసం వచ్చిన హైతీ వాళ్లు ఉన్నారు. ఎవరెంతమందో ఏ సర్కారు లెక్కలోనూ దొరకదు. ఫ్రెంచ్ జనగణనలో జాతి అడగరు.

కారు తప్పనిసరి. బస్సులు పగలు తిరుగుతాయి గానీ ఆదివారం దాదాపు కనిపించవు, గుడిలో పూజలేమో ఆదివారాలే. అద్దె కార్లలో ఎక్కువ గేర్లవే, ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోండి. పొద్దున పూట జారీ అనే పారిశ్రామిక ప్రాంతం వైపు ట్రాఫిక్ హైదరాబాద్‌ను గుర్తుచేస్తుంది.

మొదట సేంత్-ఆన్‌లో ఒక రిసార్ట్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, సముద్రం గుమ్మంలోనే ఉంది, కానీ రెండో రోజే నీళ్లు ఆగిపోయాయి. పైపులు పాతబడి నీళ్లు వంతులవారీగా ఇవ్వడం ఈ దీవిలో ఎప్పటి నుంచో ఉన్న గోడు. అందుకే ఎక్కడ దిగినా నీళ్ల ట్యాంకు ఉందా అని ముందే అడగండి. కాపెస్తెర్-బెల్-ఓ అనే ఊరి దగ్గర ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నేను ఫోన్‌లో మొదట అడిగింది అదే. యజమానురాలు భారతీయ సంతతి పెద్దావిడ. వంటగది ఉంది, ట్యాంకు ఉంది, పెరట్లో కరివేపాకు చెట్టుంది. రిసార్ట్ ధరలో సగం కూడా కాలేదు. లోటల్లా ఒకటే. అటువైపు తీరానికి సర్గాసమ్ అనే సముద్రపు నాచు కొట్టుకొచ్చి కుళ్లుతుంది, గాలి మళ్లితే ఆ కంపు భరించడం కష్టం. అయినా నా ఓటు కాపెస్తెర్‌కే. భారతీయ కుటుంబాలు, గుళ్లు, అరటి తోటలు అన్నీ ఆ చుట్టుపక్కలే.

ఊరికి దగ్గర్లో షాంజి గుడి పెద్ద రోడ్డు మీదే కనిపిస్తుంది. రంగురంగుల బొమ్మలతో ఊళ్లలోని అమ్మవారి గుడిలాగే ఉంటుంది. ఇక్కడ ప్రధాన దేవత మాలియెమేన్, అంటే మన మారెమ్మ. పక్కన కాపలాగా మల్దెవిలిన్, తమిళుల మదురై వీరుడు. టూరిస్టులు బయట నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నిజంగా చూడాలంటే ఎవరైనా మొక్కు తీర్చుకునే రోజున పిలుపు మీద వెళ్లాలి. మా ఇంటావిడ తన బంధువుల పూజకు మమ్మల్ని తీసుకెళ్లారు.

ఆ రోజు పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా సాగింది. కుటుంబమంతా ముందు నుంచే మాంసం మాని నిష్ఠగా ఉన్నారు. గడ్డి మంట మీద తపు వెచ్చచేస్తున్నారు, మన డప్పు కాచినట్టే. పూజారి పాడిన పాట తమిళమే గానీ ఆయనకు తమిళం రాదు. తండ్రి దగ్గర విని, నోట్‌బుక్‌లో ఫ్రెంచ్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నానని చెప్పారు. మేక బలి ఉంటుంది, చూడలేనివాళ్లు ఆ వేళకు పక్కకు వెళ్లొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అత్తయ్య కదల్లేదు. "అమ్మాయ్, ఇది అచ్చం మా ఊరి జాతరే" అన్నారు. తర్వాత అరటాకుల్లో భోజనాలు. మా పంక్తిలో నల్లజాతి కుటుంబాలు కూడా ఉన్నాయి. బిడ్డకు జబ్బు నయమైతే మాలియెమేన్‌కు మొక్కు తీర్చేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది చర్చికి కూడా వెళ్తారు, ఆ రెండింటికీ వాళ్లకు గొడవ లేదు.

ప్యారిస్‌లో కొందరు మనవాళ్లు "వాళ్లది అసలు పూజే కాదు, అన్నీ కలగాపులగం" అంటుంటారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. 1848లో బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు కూలీలు కావాల్సి వచ్చారు. పుదుచ్చేరి నుంచి ఒరేలి అనే ఓడలో మొదటి జట్టు 1854 డిసెంబర్‌లో దిగింది. 1889 దాకా సుమారు 42 వేలమందిని తెచ్చారు, ఐదేళ్ల ఒప్పందం మీద. జబ్బులతో, చాకిరీతో ఎంతోమంది ఆ తోటల్లోనే పోయారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోని పేదలు, వాళ్లు ఎరిగిన దేవత ఊరి పొలిమేరలోని అమ్మవారే. బడి లేదు, మఠం లేదు, భాష పోయింది. అయినా అమ్మవారిని వదల్లేదు. ఇక్కడ మనమే మారెమ్మను "పల్లెటూరి దేవత" అని పక్కన పెడుతుంటే, అక్కడ ఆమె గుడికి ఏటేటా రంగులు వేస్తున్నారు. పద్ధతి తప్పొప్పులు చెప్పడానికి మనం ఎవరం?

కాపెస్తెర్‌లో ఆన్రీ సిదంబరోం పేరు తప్పక వినిపిస్తుంది. 1863లో ఇక్కడే పుట్టాడు. ఈ మట్టిలో పుట్టిన భారతీయుల పిల్లలు ఫ్రెంచ్ పౌరులేనని, వాళ్లకు ఓటు ఉండాలని 1904లో పోరాటం మొదలుపెట్టాడు. తేలేసరికి 1923 అయింది. మన తెలుగువాళ్లకు ఈ పేరు తెలియకపోవడం నాకు వెలితిగా అనిపించింది. ఆ తర్వాతి తరాల భారతీయుల్లోంచి ఎర్నెస్ట్ ముతుసామి సేన్-ఫ్రాన్స్వా అనే ఊరికి మేయరయ్యాడు, ప్యారిస్ పార్లమెంటులోనూ కూర్చున్నాడు.

తిండి విషయం. కొలొంబో అనే మసాలా కూర దీవి మొత్తానికీ సొంత వంట, ఎవరింట్లోనైనా వండుతారు. ధనియాలు, జీలకర్ర, పసుపు, మెంతులు, ఆవాలు తెలుస్తాయి, కారం మాత్రం మనకు చాలదు. మేక కొలొంబో రోడ్డు పక్క చిన్న హోటళ్లలోనే బాగుంది, రిసార్ట్‌లో పెట్టింది పేరుకే. శాకాహారులకు బయట కష్టమే. బొకీ అనే నూనెలో కాల్చిన రొట్టెలో చీజ్ పెట్టించుకోవచ్చు, మిగతాది వంటగది ఉన్న ఇల్లే దిక్కు. ఇంకో జాగ్రత్త. 1993 దాకా అరటి తోటల్లో చల్లిన క్లోర్డెకోన్ అనే పురుగుమందు ఈ నేలలో ఇంకా ఉంది. ఆ తోటల్లో పనిచేసినవాళ్లలో భారతీయులూ ఉన్నారు. ఈ వైపు దుంపకూరలు ఎక్కడ పండాయో అడిగి కొనండి.

పువాంత్-ఆ-పీత్ర్ నగరంలో పాత చక్కెర ఫ్యాక్టరీ స్థలంలో 2015లో తెరిచిన మెమోరియల్ ఆక్ట్ బానిసత్వ చరిత్ర మ్యూజియం. సగం రోజు కేటాయించండి, వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి. మనసు బరువెక్కుతుంది, కానీ అది చూడకుండా ఈ దీవి అర్థం కాదు. ఒప్పంద కూలీల కథ మాత్రం అందులో త్వరగా దాటిపోయినట్టు నాకనిపించింది. ఫ్రెబో వీధిలో సిరియా, లెబనాన్ వాళ్ల బట్టల కొట్లున్నాయి. చీకటి పడితే ఆ ఊళ్లో పనిలేదు, వీధులు ఖాళీ అయిపోతాయి.

గ్రాం-ఫోన్ కొండల్లో మాటిన్యోన్ అనే పేద తెల్లవాళ్ల కుటుంబాలున్నాయి, తరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినవాళ్లు. రోడ్డు అందంగా ఉంది, కారులో అలా దాటి రండి. వాళ్ల ఇళ్ల ముందు కెమెరాలతో నిలబడటం నాకు నచ్చదు.

లె సాంత్ దీవులు ఒక రోజు ట్రిప్. త్రువా-రివియేర్ నుంచి బోటు అరగంట లోపే, కానీ అలల మీద బాగా ఊగుతుంది. బోటుకు ముందు అదే ఊళ్లో తొలి నివాసులు రాళ్లపై చెక్కిన బొమ్మల పార్కు చూడొచ్చు. వాటిలో తెర్-ద-ఓ దీవి పొడినేల, చెరకు పండలేదు, అందుకే బానిసలు తక్కువ. బ్రిటనీ, నార్మండీ నుంచి వచ్చిన జాలర్ల మనవలు ఇప్పటికీ చేపలు పడుతున్నారు. సలాకో అనే వెడల్పాటి టోపీ వాళ్ల గుర్తు. అక్కడి కోటలోని మ్యూజియం మధ్యాహ్నానికల్లా మూసేస్తారు, కాబట్టి మొదటి బోటు పట్టుకోండి. స్కూటర్ల అద్దె ఎక్కువ, ఎండ ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లుంటే చిన్న ఎలక్ట్రిక్ బండి తీసుకోండి.

వెళ్లేవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ మధ్య చూసుకోండి, తుపాన్లు జూన్ నుంచి నవంబర్ దాకా. ఒక ఆదివారమైనా కాపెస్తెర్‌లో ఉండేలా ప్లాన్ వేసుకోండి. పిలుపు దొరికితే చేతిలో పూలు, కొబ్బరికాయతో వెళ్లండి. ఫొటోలకు అడగకుండా ఫోన్ తీయొద్దు.