ఇసేలా కొత్తగా కట్టడమా, హోర్యూజీలా పాతదాన్ని నిలబెట్టడమా: ఏది మేలు?

జపాన్‌లోని ఇసేలో ఉన్న షింటో (ఆ దేశపు సంప్రదాయ మతం) ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో సరికొత్త కలపతో అచ్చం అలాగే కడతారు. దేవతను కొత్త గుడిలోకి తీసుకెళ్లాక పాతది విప్పేస్తారు. 690లో మొదలైన ఈ ఆనవాయితీ 62వ సారి 2013లో జరిగింది. నారా ప్రాంతంలోని హోర్యూజీ బౌద్ధ విహారానిది వేరే దారి. 670లో కాలిపోయాక మళ్లీ కట్టినప్పటి కలపే చాలావరకు ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. ప్రపంచంలో మిగిలిన చెక్క కట్టడాల్లో అతి పాతవి అవే.

అసలు తేడా పునాదిలో ఉంది. ఇసేలో స్తంభాలను నేరుగా మట్టిలో పాతి, పైన గడ్డి కప్పుతారు. తడికి అడుగు కుళ్లుతుంది కాబట్టి మార్చక తప్పదు. హోర్యూజీ స్తంభాలు రాళ్ల మీద నిలుస్తాయి, పొడవాటి చూరు వానను గోడల దాకా రానివ్వదు. అక్కడి ఐదంతస్తుల పగోడాలో నడిమి స్తంభాన్ని మాత్రం మట్టిలో పాతారు. అనుకున్నట్టే దాని అడుగు పుచ్చిపోయింది!

ఇసే పద్ధతికి గట్టి బలం ఒకటుంది. కుర్రతనంలో ఉలి పట్టిన వడ్రంగి తర్వాతి కట్టడం నాటికి మేస్త్రీ అవుతాడు. పని మనిషి నుంచి మనిషికి అందుతుంది. విప్పిన కలప వేరే ఆలయాలకు వెళ్తుంది. కానీ 15, 16 శతాబ్దాల యుద్ధాల్లో ఈ వరస 120 ఏళ్లకు పైగా తెగిపోయింది. మనుషులనే నమ్ముకున్న విద్యకు అది పెద్ద దెబ్బ.

అందుకే నా ఓటు హోర్యూజీకి. 1934లో మొదలైన పెద్ద మరమ్మతుల్లో కట్టడాలను విప్పి, పాడైన భాగాలను సరిచేసి మళ్లీ నిలబెట్టారు. అక్కడి వడ్రంగుల కుటుంబానికి చెందిన నిషియోకా త్సునెకాజు, పాత చెక్క మీద పనిముట్లు వదిలిన గుర్తులు పరిశీలించి, వాడుకలోంచి పోయిన యారిగన్నా అనే ఈటెలాంటి చిత్రికకు మళ్లీ ప్రాణం పోశాడు. నేర్పేవాళ్లు పోయినా కలప నేర్పింది. కొత్త కలపకు ఆ శక్తి ఎక్కడిది?

దీనికీ ప్రమాదం లేకపోలేదు. 1949 జనవరి 26న మరమ్మతుల మధ్యలోనే నిప్పంటుకుని ప్రధాన మందిరంలోని కుడ్యచిత్రాలు దెబ్బతిన్నాయి. వాటిని తిరిగి తేవడం ఎవరి వల్లా కాలేదు. మరుసటి ఏడాదే జపాన్ సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చింది.

స్తంభం మట్టిలో ఉంటే, ప్రతిసారీ కావాల్సిన కొత్త కలప కోసం సొంత అడవి పెంచే ఓపిక ఉంటే ఇసే దారి సరైనదే. రాతి మీద నిలిచిన పాత కలపను మాత్రం, అతుకులేసైనా సరే, ఉన్నచోటే ఉంచాలి.