పిల్లాడు ఎవరి దగ్గర? పెద్దమనుషులా, కోర్టా, మీడియేషనా?

మా చెల్లి, బావ విడిపోయాక మేనల్లుడి కోసం మేం మూడు గుమ్మాలూ ఎక్కాం. ముందు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాం, తర్వాత కోర్టుకెళ్లాం, కోర్టువాళ్లు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవడానికి, పంపారు. ఈమధ్య మా విశాఖలోనే మధురవాడలో ఉండే ఒక మిత్రుడు ఇదే కష్టంలో పడి 'ఏది మేలు?' అని అడిగాడు. కొట్టడం, బెదిరించడం లేని ఇంట్లో మీడియేషనే మేలని చెప్పాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

పెద్దమనుషుల పంచాయితీకి ఖర్చు లేదు, టిఫిన్లూ టీలూ తప్ప. గాజువాకలో మా పెదనాన్నగారింట్లో ఒక ఆదివారం పదకొండు మంది కూర్చున్నాం. పెళ్లిలో పెట్టిన బంగారం గురించి రెండు గంటలు మాట్లాడారు, పిల్లాడి గురించి పది నిమిషాలు. 'బాబు తల్లి దగ్గరుంటాడు, నువ్వు అప్పుడప్పుడూ వచ్చి చూసుకో నాయనా' అని తేల్చేశారు. ఆ 'అప్పుడప్పుడూ' అంటే బావకి ప్రతి ఆదివారం, చెల్లికి నెలకోసారి. పది రోజుల్లో మళ్లీ గొడవ. ఆ మాట తప్పినవాళ్లని అడిగే దారి కూడా లేదు.

కోర్టు ఆర్డరుకి ఆ లోటు ఉండదు, తప్పితే అడిగేవాళ్లుంటారు. కేసు నడుస్తుండగానే మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది తీర్పు వచ్చేదాకా నడిచే ఆర్డరు, అడగొచ్చు. చట్టాలు పాతవే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, హిందువులకైతే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కూడా. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టం అంటుంది. దాన్ని పట్టుకుని 'ఐదు నిండితే తండ్రికిచ్చేస్తారు' అని టీకొట్టు లాయర్లు చెబుతుంటారు, నమ్మకండి. ఏ వయసులోనైనా ముందు చూసేది బిడ్డ క్షేమమే.

కోర్టులో బాధ వేరే ఉంది. పిటిషన్‌లో ఒకరు రాస్తారు, దానికి జవాబుగా కౌంటర్‌లో ఇంకొకరు రాస్తారు. పదేళ్ల కాపురంలో చెడ్డదంతా ఏరి కాగితం మీద పెట్టాక, రేపు పిల్లాడికి జ్వరమొస్తే ఒకరికొకరు ఫోన్ చేసుకోవడానికి నోరు రాదు. పైగా పిల్లాడు బావ దగ్గర ఉండటానికి వచ్చిన మధ్యంతర ఉత్తర్వు రెండో, నాలుగో శనివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు. బావది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం. సగం శనివారాలు డ్యూటీలోనే ఉండేవాడు. జడ్జిగారి తప్పేం లేదు, షిఫ్టుల చార్టు ఆయన ముందు ఎవరూ పెట్టలేదు.

అలా ఉండగా మీడియేషన్‌కి పంపారు. ఇది ఎవరి దయో కాదు. ముందుగా రాజీకి ప్రయత్నించాలని 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. 2013లో మన తెలుగు దంపతుల కేసులోనే, కె. శ్రీనివాసరావు కేసులో, ఇలాంటి తగాదాల్ని మీడియేషన్‌కి పంపాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మీడియేటర్ తీర్పు చెప్పరు. ఇద్దరితో కలిపి మాట్లాడతారు, విడివిడిగానూ మాట్లాడతారు. అక్కడన్న మాటలు కోర్టులో సాక్ష్యంగా రావు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: బిడ్డతో మాట్లాడి కౌన్సెలర్ ఇచ్చే రిపోర్టుకి ఈ గోప్యత వర్తించదని 2019లో కన్సాగ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మూడు సిట్టింగుల్లో మా వాళ్లు రాసుకున్నవి చూస్తే నవ్వొస్తుంది, కానీ గొడవలన్నీ అక్కడే పుట్టేవి. బావ వీక్లీ ఆఫ్ ఏ రోజైతే ఆ రోజే పిల్లాడు ఆయన దగ్గర. నెల మొదట్లో షిఫ్టుల చార్టు వాట్సాప్‌లో పెట్టాలి. పెద్ద పండక్కి భోగి, సంక్రాంతి అమ్మతో, కనుమ నాన్నతో. సింహాచలం చందనోత్సవానికి నాన్నమ్మ తీసుకెళ్తుంది. అప్పగింత ఎవరింటి దగ్గరా కాదు, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం గేటు దగ్గర. వాడికి ఆ సబ్‌మెరైనంటే పిచ్చి. అన్నిటికన్నా పనికొచ్చింది ఒక్క లైను: స్కూల్ బ్యాగు, పీటీ బూట్లు పిల్లాడితోపాటే తిరగాలి. అంతకుముందు లెక్కల నోట్‌బుక్ గాజువాకలో ఉంటే వాడు ఎంవీపీ కాలనీలో ఏడుస్తూ కూర్చున్న రాత్రులున్నాయి.

దీనికీ లోపాలున్నాయి. ఒకరు కావాలని సాగదీయొచ్చు. నోరున్నవాళ్ల ముందు నోరులేనివాళ్లు తలూపేయొచ్చు. ఇంట్లో హింస ఉంటే మాత్రం ముందు కోర్టుకే వెళ్లండి. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద బిడ్డ తాత్కాలిక కస్టడీ, అంటే బిడ్డని తన దగ్గరే ఉంచుకోవడం, అడగొచ్చు. బిడ్డని దేశం దాటిస్తారన్న భయమున్నా ముందు కోర్టుకే. ఒప్పందం కుదిరాక దాన్ని కోర్టులో పెట్టి ఆర్డరు తెచ్చుకోండి, లేకపోతే అది పెదనాన్నగారి పంచాయితీతో సమానం. తర్వాత పరిస్థితులు మారితే మార్పించుకోవచ్చు, కస్టడీ ఆర్డర్లు శిలాశాసనాలు కావు.

లాయరు ఫీజు గురించి టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది.

మిత్రుడిది నేవీ. ఓడ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పలేడు. అతనికి శనివారాలతో పని జరగదు. 'ఓడ ఒడ్డుకొచ్చాక మొదటి మూడు రోజులు నాన్న దగ్గర' అని రాయించుకోమన్నాను. వాళ్లావిడ మొదటి సిట్టింగులో రెండు రోజులకి ఒప్పుకుందట. మూడో రోజు కోసం వచ్చే సోమవారం మళ్లీ కూర్చుంటున్నారు.